పీచునకు పీచునకు గల పట్టు: దానిని కొలిచిన చరిత్ర

గడ్డిపరకలను పేని మోకు చేసినచో మదపుటేనుగునైనను కట్టివేయవచ్చునని మన పెద్దలు చెప్పుచుందురు. ఐకమత్యమునకు దృష్టాంతముగా ఈ మాటను చిన్ననాటినుండి వినుచునే యున్నాము. ఏ సంఘ వార్షికోత్సవమునందైనను ఒక ఉపన్యాసకుడైన దీనిని వాడక మానడు. కాని ఆ మాటలో దాగియున్న ప్రశ్నను మనలో పెక్కుమంది ఎన్నడును అడిగియుండరు. మోకు పొడవు నూరు మూరలు. అందలి నారపోచ ఒక్కొక్కటి రెండు మూడు మూరలకు మించదు. ఈ చివరనుండి ఆ చివరవరకు సాగిపోవు పోచ అందులో ఒక్కటియు లేదు. పోచకు పోచను అతికించు జిగురు లేదు, ముడి లేదు, కుట్టు లేదు. అట్లయినచో ఏనుగు లాగినప్పుడు ఆ పోచలు ఒకదాని ప్రక్కనుండి యొకటి జారిపోక ఏల నిలుచుచున్నవి?

నూలు విషయములో ఈ ప్రశ్న మరింత విచిత్రముగా తోచును. పత్తి పీచు పొడవు ఇంచుమించు ఒక అంగుళము. దాని మందము తలవెండ్రుకలో నాలుగవ వంతో, అయిదవ వంతో యుండును. అట్టి పీచులు చేరి మైళ్ల పొడవు నూలగును. మనము కట్టుకొను ధోవతులు, చీరలు, పసిబిడ్డను ఊపు ఉయ్యెల గుడ్డ, తుదకు కార్యాలయములలో దస్తరములను కూర్చి కట్టు నూలు టాగు వరకు, సమస్తమును ఈ చిన్న పీచుల పరస్పరమైన పట్టుపైననే ఆధారపడి యున్నది. మానవుడు వేల సంవత్సరములుగా ఈ పట్టును నమ్ముకొని బ్రతుకుచుండెను. దానిని కొలుచుట మాత్రము మిక్కిలి ఆలస్యముగా నేర్చుకొనెను. ఆ ఆలస్యమువలన కొందరికి కలిగిన నష్టము, ఆ కొలతవలన లోకమునకు కలిగిన లాభము, రెండును చరిత్రలో చేరదగినవే.

ఈ ప్రశ్నను గ్రంథమునందు స్పష్టముగా అడిగి సమాధానమునకు యత్నించిన మహనీయుడు ఇటలీ దేశపు గెలీలియో. 1633లో మతాధికారుల తీర్పునకు లోనైన పిదప ఆయన ఫ్లారెన్సు నగర సమీపముననున్న ఆర్చెట్రిలో గృహనిర్బంధమున కాలము గడిపెను. అచ్చట పూర్తిచేసిన “రెండు క్రొత్త శాస్త్రములు” అను సంవాదరూపమైన గ్రంథము 1638లో హాలండు దేశపు లైడెన్ నగరమున ముద్రితమయ్యెను. వస్తువుల దృఢత్వమును గూర్చిన మొదటి దినపు చర్చలోనే మోకు ప్రస్తావన వచ్చును. రెండు మూడు మూరల పోచలు నూరు మూరల మోకులో ఎట్లు బంధింపబడి యున్నవని సింప్లిచియో అను పాత్ర అడుగును. పురి పెట్టుటవలన పోచలు ఒండొంటిని నొక్కుననియు, లాగినకొలది ఆ నొక్కుడు హెచ్చుననియు, అందుచే పోచ జారుటకు బదులు తెగుటకే సిద్ధపడుననియు సమాధానము. ఆ సందర్భముననే ఒక చమత్కారమైన సాధనము వర్ణింపబడినది. కొయ్య కడ్డీపై మరచుట్టుగా గాడి తొలిచి, అందులో త్రాటిని చుట్టి, దానిని పట్టుకొని ఎత్తైన కిటికీనుండి అరచేతులు ఒరసికొనిపోకుండ మెల్లగా దిగవచ్చునట. గృహనిర్బంధముననున్న వృద్ధుడు కిటికీనుండి దిగు ఉపాయమును వర్ణించుట చదువరికి చిరునవ్వు తెప్పింపక మానదు.

ఈ చుట్టు మహిమ మన రేవులలోని పడవవారికి గ్రంథములతో పనిలేకయే తెలియును. గుంజకు మోకును రెండు మూడు చుట్లు చుట్టి, కొసను ఒక్క చేతితో పట్టుకొని ఎంతటి పడవనైనను నిలుపుదురు. దీని లెక్కను 18వ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త తేల్చెను. చుట్టు పెరిగినకొలది పట్టు కూడికగా గాక గుణకారముగా పెరుగును. మోకునకు గుంజకు నడుమ ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, ఒక చుట్టు చేతిబలమును సుమారు ఆరున్నర రెట్లు చేయును. రెండు చుట్లు 43 రెట్లు. మూడు చుట్లు 285 రెట్లు. నూలులోని ప్రతి పీచును తన ప్రక్కవాని చుట్టును ఇట్లే చుట్టుకొని యుండును. ఇదియే పురి రహస్యము.

అట్లయినచో పురి ఎంత హెచ్చిన మోకు అంత బలపడవలెను గదా? ఈ భ్రమను తొలగించినవారు ఫ్రెంచివారు. 1711లో రెయోమూర్ అను శాస్త్రజ్ఞుడు విడివిడి దారములు మోయు బరువును, వానిని పేని చేసిన త్రాడు మోయు బరువును పోల్చి చూచెను. త్రాటి బలము విడి దారముల బలముల మొత్తమునకు తక్కువగానే యుండెను. పిమ్మట 1747లో దుయమెల్ ద్యు మోన్సో నౌకలకు వలయు మోకులను గూర్చి ఒక మహాగ్రంథము వ్రాసి, వాడుకలోనున్నంత పురి అక్కరలేదనియు, పురి తగ్గించిన మోకు హెచ్చు బరువు మోయుననియు ప్రయోగపూర్వకముగా నిరూపించెను. కారణమిది: పురి చాలనిచో పీచులు జారిపోవును. పురి మితిమీరినచో పీచులు ఏటవాలుగా తిరిగిపోయి, లాగుడు దిశకు అడ్డుపడి, తమ బలమును పూర్తిగా అందింపజాలవు. ఈ రెంటి నడుమ ఒక మధ్యమమార్గము కలదు. దానిని కనుగొనుటకు కొలత తప్ప వేరు మార్గము లేదు.

ఈ లోపల ఘర్షణకు సామాన్యసూత్రము కూడ ఏర్పడెను. 1699లో అమాంతాన్, 1785లో కూలుం చెప్పిన దానిని బట్టి ఘర్షణ నొక్కుడు బలమునకు అనుపాతముగా నుండును. నొక్కుడు రెట్టింపైన ఘర్షణయు రెట్టింపగును. నొక్కుడు లేనిచో ఘర్షణ లేదు. ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. పీచుల విషయములో ఇది పూర్తిగా చెల్లదని తెలియుటకు మరి రెండు వందల సంవత్సరములు పట్టెను.

ఐరోపా పండితులు మోకులను తెంచి చూచుచుండిన కాలముననే మన దేశపు వడుకువారు కొలతబద్ద లేకయే ఈ విద్యలో శిఖరమున నుండిరి. ఢాకా మస్లిను ఇందుకు సాక్ష్యము. ఆ నూలు వడికిన పత్తి పీచు పొడవైనది కాదు. పొట్టి పీచుతో అంత సన్నని నూలు తీయుట ఆశ్చర్యము. 19వ శతాబ్దపు వర్ణనలను బట్టి, అచ్చటి స్త్రీలు మంచు ఆరకమునుపు తెల్లవారుజామునను, మరల సాయంకాలమునను వడుకుచుండిరి. గాలి మరీ పొడిగా నున్నచో నీటిపాత్రను దగ్గర నుంచుకొని దాని చెమ్మలో వడుకుచుండిరి. చెమ్మ తగిలిన పత్తి పీచు మెత్తబడి బలపడునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మన దేశపు పరీక్షాశాలలలో నూలును పరీక్షించునప్పుడు గాలిలో తేమ 65 శాతముగాను, ఉష్ణము 27 డిగ్రీలుగాను ఉంచవలెనని నియమము. ఆ నియమపు మూలమును ఢాకా స్త్రీల వ్రేళ్లు ముందే యెరిగియుండెను.

మన శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు కూడ ఇట్టిదే. అచ్చటి వడుకువారు పత్తిగింజమీది దూదిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్ల వరుస పీచులను చిక్కుదీసి, దుమ్ము పోగొట్టి, ఒకే దిశకు తీర్చును. ఒకే దిశకు తీరిన పీచులు పొడవునా ఒండొంటిని తాకును. అడ్డదిడ్డముగా నున్న పీచులు అక్కడక్కడ మాత్రమే తాకును. తాకుడు హెచ్చినచోట పట్టు హెచ్చును. నూలు మిల్లులలో ఇనుపపండ్ల యంత్రములు చేయు పనిని పొందూరువారు చేప దవడతో చేయుచున్నారు.

కాని వ్రేళ్లకు తెలిసిన విద్య వ్యాపారపత్రములకు ఎక్కదు. కొలతలేని గుణమునకు ధర కట్టువాడు కొనువాడే యగును. ఇందులకు 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధకాలము నిదర్శనము. అమెరికా పత్తి రాక నిలిచిపోగా ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులు భారతదేశపు పత్తిపై ఆధారపడవలసి వచ్చెను. ఆ పత్తికంతటికి అచ్చట సూరత్తు అను పేరు వాడుకయయ్యెను. పొట్టి పీచుగల ఆ పత్తి, పొడవు పీచునకై అమర్చిన యంత్రములలో మాటిమాటికి తెగెను. తెగిన ప్రతిసారి పని నిలిచెను. పనిని బట్టి కూలి పొందు అచ్చటి కార్మికుల జీతము తగ్గెను. సూరత్తు అను మాట నాసిరకమునకు మారుపేరయ్యెను. అందు కల్తీయు, చెత్తయు ఉండుట నిజమే. కాని ఎంత దోషము పీచుది, ఎంత దోషము కల్తీది, ఎంత దోషము ఆ పీచునకు తగని యంత్రపు అమరికది అని విడదీసి చెప్పగల కొలత నాడు లేదు. అందుచే నింద యంతయు భారతదేశపు పత్తిపై పడెను. సముద్రమున కీవలనున్న సేద్యగానికి బదులు చెప్పుకొను దారి లేకపోయెను.

మిల్లులలో ఒక పరీక్ష లేకపోలేదు. గజమున్నర చుట్టుకొలతగల చట్రముపై నూలును 80 చుట్లు చుట్టినచో 120 గజముల చిలుప యేర్పడును. దానిని కొక్కెములకు తగిలించి తెగువరకు లాగి, ఎన్ని పౌనులకు తెగినదో వ్రాసికొందురు. నూలు సన్నదనమును నంబరుతో చెప్పుదురు. పౌను బరువులో 840 గజముల చిలుపలు ఎన్ని వచ్చునో అది నంబరు; 40 నంబరు నూలనగా పౌనునకు 33,600 గజములు. నంబరును తెగుబలముతో హెచ్చించి వచ్చిన అంకెనుబట్టి నూలు గుణమును నిర్ణయింతురు. ఈ పరీక్ష మోటైనది. అయినను విక్రేతకును కొనువానికిని నడుమ నిలిచి చెప్పు సాక్షి యొకటి దొరికెను. మనిషి నోటిమాటకంటె అంకె మేలయ్యెను.

ఈ సాక్ష్యమును భారతదేశపు పత్తికి గూడ కల్పింపవలెనను యత్నము 20వ శతాబ్దమున ఆరంభమయ్యెను. 1917లో నియమింపబడిన భారత పత్తి సంఘము 1919లో నివేదిక సమర్పించెను. దాని ఫలితముగా 1921లో భారత కేంద్ర పత్తి కమిటీ ఏర్పడెను. 1923 నాటి శాసనమువలన పత్తి బేళ్లపై చిన్న సుంకము విధింపబడి దానికి ఆదాయము సమకూడెను. 1924లో బొంబాయి మాతుంగాలో ఆ కమిటీ సాంకేతిక ప్రయోగశాలను స్థాపించెను. దానికి మొదటి డైరెక్టరు ఎ. జె. టర్నరు, 1931లో డాక్టరు నజీర్ అహమదు ఆ పదవికి వచ్చెను. వ్యవసాయక్షేత్రమున క్రొత్త వంగడమును తీసినవానికి ఆ పత్తి ఎంత నంబరు నూలునకు పనికివచ్చునో, ఆ నూలు ఎంత బలము చూపునో అచ్చట వడికి, తెంచి చూచి చెప్పుచుండిరి. ఒక వంగడమును ఊరూర వ్యాపింపజేయుటకు ముందే దాని గుణము తేలుచుండెను. మంచిదని చెప్పి విత్తనము పంచి, పంట చేతికి వచ్చిన పిదప కొనువాడు లేక రైతు చేతులు నలుపుకొను దుస్థితిని తప్పించుటకు ఇది మార్గము. ఆ ప్రయోగశాల పరీక్షించిన ప్రామాణిక భారతీయ వంగడములలో “నంద్యాల 14” ఒకటి. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయక్షేత్రము పేరు ఆ విధముగా బొంబాయి పరీక్షాపత్రములకు ఎక్కెను.

ఈ ప్రయోగశాల చరిత్రలో ఒక మనోహరమైన ఘట్టము కలదు. మొహెంజొదారో త్రవ్వకములలో ఒక వెండిపాత్రకు అంటుకొనియున్న గుడ్డపేలిక దొరికెను. దానిని మాతుంగాలో గులాటీ, టర్నరు అనువారు సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది నిస్సంశయముగా పత్తియే యని 1928లో ప్రకటించిరి. నాలుగువేల సంవత్సరములకు పైబడినను వెండి లవణముల రక్షణలో ఆ నూలు రూపము చెడక నిలిచెను. నేటి వంగడమునకు యోగ్యతాపత్రము నిచ్చు బల్లమీదనే సింధు నాగరికతనాటి వడుకువాని నూలుకూడ సాక్ష్యము పలికినది. 1966లో పత్తి కమిటీ రద్దయి ఆ ప్రయోగశాల భారత వ్యవసాయ పరిశోధనా మండలి క్రిందికి వచ్చెను. 1991లో దానికి కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ యని పేరు మార్చిరి.

ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులోని షర్లీ పరిశోధన సంస్థలో పీర్సు అను శాస్త్రజ్ఞుడు 1926లో ఒక ముఖ్యవిషయమును వెల్లడించెను. గొలుసు బలము దానియందలి మిక్కిలి బలహీనమైన కొలికి బలమే, నూలును అట్లే. పొడవు హెచ్చినకొలది ఎక్కడనో ఒకచోట పట్టు తక్కువైన తావు తగులు అవకాశము హెచ్చును. అందుచే ఒకే నూలును పొడుగు ముక్కగా పరీక్షించినచో తక్కువ బలమును, పొట్టి ముక్కగా పరీక్షించినచో హెచ్చు బలమును చూపును. కొలిచిన అంకెతోపాటు కొలిచిన పద్ధతినికూడ చెప్పనిచో ఆ అంకె సగము నిజమే యగును. లెక్కల పట్టికలతో నిత్యము పనిపడు మనకు ఈ హెచ్చరిక క్రొత్తదికాదు.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నియు సమూహమునకు చేసినవి. చిలుప తెగినప్పుడు కొన్ని పీచులు తెగును, కొన్ని జారును. అందు ఒక పీచు తన ప్రక్క పీచును ఎంత బలముగా పట్టుకొన్నదో చెప్పుట సాధ్యము కాదు. ఇరువురు వ్యక్తుల స్నేహమును ఊరి జనాభా లెక్కనుబట్టి తెలిసికొనలేము గదా! రెండే రెండు పోగులను తీసికొని, తాకించి, విడదీసి, ఆ విడదీయుటకు పట్టిన బలమును కొలువవలెను. ఆ బలమైనను పేరుమోసిన త్రాసులకు అందనిది. అంత సున్నితమైన త్రాసు ఎచ్చటనుండి వచ్చెను?

దానికి మార్గము చూపినది మరియొక పోగే. 1887లో ఇంగ్లండులో చార్లెస్ వెర్నన్ బాయిసు స్ఫటికశిలను కరగించి, కరగిన ముద్దను ఒక బాణపు తోకకు తగిలించి, చిన్న విల్లుతో ఆ బాణమును పొడవైన గదిలో వదలెను. బాణము పోవు వేగమునకు స్ఫటికము సాగి, అంగుళములో పదివేలవ వంతు మందముగల తంతువయ్యెను. దానికి బలమును హెచ్చు. వంచి విడిచినచో యథాస్థితికి వచ్చు గుణమును హెచ్చు. 1895లో భూగోళపు ఆకర్షణను గుణించు స్థిరాంకమును ఆయన అట్టి తంతువుకు వ్రేలాడదీసిన సాధనముతోనే కొలిచెను. లోకమునందలి మిక్కిలి చిన్న బలములను తూచుటకు మానవునకు దొరికిన త్రాసు ఒక పీచే యనుట గమనింపదగినది.

ఇంగ్లండులోని టెడింగ్టన్ నగరపు జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసిన టామ్లిన్సన్, ఇట్టి స్ఫటికతంతువులు ఒండొంటిని తాకినప్పుడు అంటుకొను బలమును కొలిచి 1928లోను, 1930లోను వ్యాసములు ప్రకటించెను. ఆ తంతువులకు జిగురు లేదు, పురి లేదు, వెలుపలినుండి నొక్కుడు లేదు. అయినను అవి అంటుకొనెను. విడదీయుటకు బలము కావలసివచ్చెను. నొక్కుడు లేనిచో ఘర్షణ లేదన్న పాత సూత్రము చిన్నవస్తువులయెడ చాలదని తేలెను. 1932లో బ్రాడ్లీ స్ఫటికపు చిరుగోళములను తాకించి విడదీసి, ఆ అంటుబలము గోళపు వ్యాసమునకు అనుపాతముగా నుండునని చూపెను. ఈ చిన్నవాక్యములో పెద్ద విశేషము కలదు. వస్తువు పరిమాణమును పదియవ వంతునకు తగ్గించినచో దాని బరువు వెయ్యవ వంతగును. అంటుబలము మాత్రము పదియవ వంతే యగును. అనగా బరువుతో పోల్చినచో అంటుకొను శక్తి నూరురెట్లు పెరిగినట్లు. పెద్దబండలు రెండు తాకించినను అంటుకొనవు. ధూళికణము గోడను విడువదు. దూదిపింజ చేతికి తగిలినంతనే వెంటవచ్చును. సూక్ష్మమైనదానికే పట్టు ఎక్కువ.

ఈ ఆకర్షణకు మూలము అణువులలో కలదు. 1873లో హాలండు దేశస్థుడైన వాన్ డెర్ వాల్స్ వాయువులను గూర్చిన తన సిద్ధాంతగ్రంథమున అణువుల నడుమ ఆకర్షణ యున్నదని ప్రతిపాదించెను. విద్యుదావేశము లేని అణువులు గూడ పరస్పరము ఏల ఆకర్షించుకొనునో 1930లో ఫ్రిట్జ్ లండన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఈ బలము మిక్కిలి దగ్గరనున్నప్పుడే పనిచేయును. ఎగుడుదిగుడైన పెద్ద తలములు నిజముగా తాకునది అక్కడక్కడ మాత్రమే. సన్నని పీచు వంగి, ఒదిగి, తాకదగిన తావును పెంచుకొనగలదు.

స్ఫటికతంతువులనుండి బట్టల పీచులకు ఈ విద్యను తెచ్చినవారు స్వీడను దేశస్థులు. 1947లో గ్రాలేన్, ఓలోఫ్సన్ అనువారు రెండు పీచులను ఒకదానిచుట్టు నొకటి తెలిసిన చుట్లు పురిపెట్టి, ఒకదాని కొసకు బరువు పెంచుచు ఎప్పుడు జారునో కనిపెట్టిరి. గుంజచుట్టు మోకునకు చెల్లిన లెక్కయే దీనికి ఆధారము. గుంజ స్థానమున గూడ పీచే యుండెను. ఈ పద్ధతితో ఉన్నిపీచుల స్వభావము చక్కగా తేలెను. ఉన్నిపీచుపై చేపపొలుసులవంటి పొలుసులు కలవు. మొదటినుండి కొసకు జార్చినచో ఒక ఘర్షణ, కొసనుండి మొదటికి జార్చినచో అంతకు మించిన ఘర్షణ. అందుచేతనే తడిసి నలిగిన ఉన్ని ఒకే దిశకు ప్రాకి, మరల వెనుకకు రాలేక, ముద్దగట్టుకొనును. కంబళిని వేడినీట నుతికి పాడుచేసికొన్న గృహిణులకు ఈ సూత్రము అనుభవమున తెలిసినదే. పిమ్మట 1953లో హోవెల్, పీచుల ఘర్షణ నొక్కుడుతోపాటు పెరిగినను సరిగా అదే పాళ్లలో పెరుగదనియు, చిన్న నొక్కుడునందు పాతసూత్రము చెప్పినదానికంటె హెచ్చుగా నుండుననియు చూపెను. మెత్తని పీచు నొక్కుడునకు అణగి, తాకు తావు మారుచుండుటయే దీనికి కారణము.

1971లో కేంబ్రిడ్జిలో జాన్సన్, కెండాల్, రాబర్ట్సు అను మువ్వురు, మెత్తని వస్తువులు తాకి అంటుకొన్నప్పుడు ఆకర్షణవలన ఎంత అణగునో, విడదీయుటకు ఎంత బలము పట్టునో ఒకే సూత్రమున ఇమిడ్చిరి. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బరు అనువారు అణుబల సూక్ష్మదర్శినిని నిర్మించిరి. సూదిమొనగల చిన్న బద్దీ తలమును తాకి విడిపోవునప్పుడు ఎంత వంగినదో కాంతికిరణపు కదలికనుబట్టి చదువు పద్ధతి వెంటనే అభివృద్ధిచెందెను. తంతువును వంచి బలమును తెలిసికొన్న పాత ఉపాయమునకు ఇది మనుమరాలు. అణుమాత్రపు తంతువుల పట్టును గూడ నేడు ఇట్లు కొలుచుచున్నారు.

ఈ కొలతలవలన మన యింటిగోడపై నిత్యము కనబడు ఒక వింతయు విడిపోయెను. బల్లి నున్నని గోడపై ఎట్లు ప్రాకుచున్నది? బంకయని కొందరు, గాలిబుడ్డి వలె పీల్చుకొనునని కొందరు అనుకొనుచుండిరి. 2000లో అమెరికాలో కెల్లర్ ఆటమ్, ఆయన సహచరులు పెద్దజాతి బల్లి పాదమునుండి ఒకే వెండ్రుకను వేరుచేసి, దాని పట్టును కొలిచిరి. అది సుమారు 200 మైక్రోన్యూటనులు, అనగా ఇరువది మిల్లీగ్రాముల బరువు. ఒక్కొక్క పాదమున అట్టివి దాదాపు అయిదులక్షలు. అన్నియు ఒక్కమారు అంటుకొన్నచో ఒక పాదమే పది కిలోల బరువును మోయవలెనని లెక్క. ఆ పట్టు అణువుల పరస్పరాకర్షణయే యని 2002లో అదే బృందము నిరూపించెను. టామ్లిన్సన్ స్ఫటికతంతువులలో చూచినదే బల్లి పాదమునందును కనబడెను.

ఇంత చరిత్రను తడవుటకు కారణము ఒక్కటే. గెలీలియో ప్రశ్నకు నేడు రెండు భాగముల సమాధానము కలదు. పురి పీచులను దగ్గరకు నొక్కును. దగ్గరకు వచ్చిన పీచులు తమంతట తామే కొంత పట్టుకొనును. ఒకటి బలవంతపు బంధము, మరియొకటి సహజబంధము. మొదటిది మితిమీరినచో బలము క్షీణించునని రెయోమూర్, దుయమెల్ చెప్పిరి. రెండవదానిని మనము ఎన్నడును లెక్కింపలేదు. అది యున్నదని గూడ చాలకాలము ఎరుగము. సంఘజీవనమునకు దీనిని అన్వయించుకొనదలచినవారికి నేను అడ్డుచెప్పను. స్వస్థలమునకు దూరముగా, పలుభాషల నగరమున చేరిన తెలుగు కుటుంబములకు నియమావళి మాత్రమే సంఘము నిలుపునదికాదని వేరుగ చెప్పనక్కరలేదు.

కాని నా దృష్టి అంతకంటె రైతుపైనను, వడుకువానిపైనను నిలుచుచున్నది. ఆదోనిలో గాని, వరంగల్లులో గాని మార్కెట్టు ఆవరణమున కొనువాడు బోరెమునుండి దూదిపింజను తీసి, రెండు బొటనవ్రేళ్ల నడుమ లాగి చూచి, ధర చెప్పును. ఆ వ్రేళ్లలో అనుభవము కలదు. దానిని తక్కువ చేయరాదు. కాని ఆ వ్రేళ్లు కొనువానివి. సంవత్సరమంతయు ఎండకు వానకు ఓర్చి పండించినవాని పక్షమున మాటలాడునది పరీక్షాశాల చెప్పిన అంకె యొక్కటే. పీచు పొడవు ఇంత, బలమింత అను కాగితము అతని చేతికి ముందే అందినచో, లాంకషైరు నాడు సూరత్తునకు పెట్టిన పేరువంటి పేరు అతని పంటకు పెట్టుటకు ఎవరికిని సులభము గాదు. మాతుంగా ప్రయోగశాల పుట్టినది ఇందుకొరకే. పీచునకు పీచునకు గల పట్టును కొలుచు విద్య ఎంత సూక్ష్మమునకు పోయినను, తుదకు ఆ కాగితము బండితోలుకొని వచ్చినవాని చేతికి అందినప్పుడే ఆ విద్యకు సార్థకత.